ఒత్వం లేని కీబోర్డు మనకెందుకు?

మొదటి మెకానికల్ కీబోర్డు కొందామనుకునే కుర్రవాడు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: మీట కింది స్విచ్చి బ్లూ తీసుకోవాలా, బ్రౌనా, రెడ్డా? అడగడమే ఆలస్యం, చెప్పడానికి పదిమంది తయారు. ఒకడు చప్పుడు గురించి చెబుతాడు. ఒకడు మీటల కింద వెలిగే దీపాల గురించి చెబుతాడు. ఇంకొకడు అల్యూమినియం చట్రం బరువు చెప్పి మురిసిపోతాడు. ‘నువ్వు ఏ భాషలో టైపు చేస్తావురా?’ అని అడిగే నాథుడు మాత్రం ఉండడు. నేను ఆ ప్రశ్న అడగడానికే వచ్చాను. కోపం వచ్చేవాళ్ళకు రానివ్వండి.

ఇది అడగడానికి హైదరాబాదులో లక్డీకాపూల్‌ను మించిన చోటు లేదు. నాలుగడుగుల దూరంలో అసెంబ్లీ. అటు నాంపల్లి కోర్టులు, పబ్లిక్ సర్వీస్ కమిషన్. ఇటు నీలోఫర్ ఆసుపత్రి. రంగారెడ్డి కలెక్టరేట్ 2022లో కొంగరకలాన్‌కు తరలిపోయింది కానీ కాగితం పని ఈ పేటను వదల్లేదు. జిరాక్స్ బోర్డు పక్కన డీటీపీ బోర్డు, దాని పక్కన ‘తెలుగు, ఇంగ్లీషు టైపింగ్ చేయబడును’ అనే బోర్డు. పబ్లిక్ గార్డెన్స్ దగ్గర 1985లో పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయం. సాయంత్రమైతే రవీంద్రభారతిలో శాలువాలు, తెలుగు వైభవం మీద ఉపన్యాసాలు. ఇంత తెలుగు మధ్యలోంచి నడిచి అబిడ్స్ చేరి ఒక మెకానికల్ కీబోర్డు చూపించమని అడగండి. నల్లది చూపిస్తారు, తెల్లది చూపిస్తారు, గులాబీ రంగుది చూపిస్తారు. మీటల మీద తొడిగే కీక్యాపులు జపాను అక్షరాలతో కావాలన్నా తెప్పించి ఇస్తారు. తెలుగు అక్షరాలున్నది కావాలంటే మాత్రం మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు.

ఆ జపాను అక్షరాల మోజు గురించి ఒక మాట చెప్పాలి. వాటి అర్థం కొన్నవాడికి తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. తమాషా ఏమిటంటే జపానులో కూడా ఎక్కువమంది రోమన్ అక్షరాలు కొట్టి వాటిని తమ లిపిలోకి మార్చుకుంటారు. మీటల మీది కనా గుర్తులను సూటిగా నొక్కేవాళ్ళు అక్కడే తక్కువ. అక్కడివాళ్ళే పెద్దగా నొక్కని అక్షరాలను ఇక్కడ మనం వేలు పోసి కొని ఫొటోలు తీసి పెట్టుకుంటున్నాం. అవే మీటల మీద అ, ఆ, క, ఖ ఉంటే? ‘చూడ్డానికి బాగోదండీ’ అంటాం. సొంత లిపి బాగోదనే జాతికి ఏ రంగు స్విచ్చి వేస్తే ఏం ప్రయోజనం?

దుకాణంలో వినిపించే ఒక సాకు ఉంది: ‘తెలుగు కీబోర్డు టెక్నాలజీ ఇంకా రాలేదు సార్.’ శుద్ధ అబద్ధం. కీబోర్డుకు ఇంగ్లీషు రాదు, తెలుగూ రాదు. మీరు మీట నొక్కితే అది కంప్యూటరుకు పంపేది ఒక అంకె. ఫలానా చోట ఉన్న మీట కిందికి దిగింది అని కబురు, అంతే. ఆ కబురును ‘కె’ అని చదవాలో ‘క’ అని చదవాలో నిర్ణయించేది విండోసో లినక్సో. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నుంచి తెలుగు మీటల అమరిక, తెలుగు ఫాంటు కంప్యూటరుతోనే వస్తున్నాయి. కాబట్టి మీటలన్నీ ఉంటే ఏ దేశంలో తయారైన కీబోర్డయినా ఈ క్షణాన తెలుగు కీబోర్డే. లేనిది మీట నెత్తిన అక్షరం ఒక్కటే. పీబీటీ ప్లాస్టిక్ కీక్యాపు మీద వేడితో రంగు ఎక్కించే పద్ధతిలో కార్టూను బొమ్మల మొహాలు కళ్ళూ ముక్కూతో సహా అచ్చేస్తున్నారు. ‘ఝ’ అంతకన్నా కష్టమా?

విండోసులో ఉన్న ఆ తెలుగు అమరిక పేరు ఇన్‌స్క్రిప్ట్. 1980లలో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ చేయించింది. 1991లో ఐఎస్ 13194 ప్రమాణంలో భాగమై స్థిరపడింది. దాని ఆలోచన గొప్పది. హిందీ, తెలుగు, కన్నడం, మలయాళం అన్నిటికీ ‘క’ ఒకే మీట మీద ఉంటుంది. హల్లులు ఎక్కువగా కుడి చేతికి, అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమ చేతికి. పొల్లు ఎడమ నడిమి వేలి కింద, గుడి చూపుడు వేలి కింద, కొమ్ము దాని పక్కనే. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి కనుక హల్లు కుడిచేత, గుణింతం ఎడమచేత పడుతూ చేతులు వంతులేసుకుంటాయి. అకారానికి అసలు ఖర్చే లేదు. ‘తరగతి’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఎనిమిది మీటలు, ఇన్‌స్క్రిప్ట్‌లో ఐదు. ‘నగరం’ నాలుగు మీటల్లో అయిపోతుంది. వత్తులు దండిగా ఉన్న మాటల్లో ఈ లాభం కరిగిపోతుందనుకోండి. ‘లక్ష్మి’ని ఒక్కో గుర్తూ విడిగా కొడితే, షిఫ్టును లెక్కలోకి తీసుకోకుండానే, అటైనా ఏడు, ఇటైనా ఏడు.

కానీ ఈ అమరిక గీసినప్పుడు ముందు కూర్చున్నది హిందీ. హిందీకి హ్రస్వమైన ఎ, ఒ లేవు, మనకు ఉన్నాయి. అందుకని వాటిని మిగిలిపోయిన మూలల్లో సర్దారు. ఎత్వం కింది వరసలో ఎడమ కొసన, ‘జెడ్’ మీట మీద పడింది. ఒత్వం మరీ దూరం పోయి అంకెల వరసలో ఒకటికి ఎడమ పక్కన, ఎస్కేప్ కింద ఉండే మీట మీద పడింది. అదే మీటను షిఫ్టుతో నొక్కితే ‘ఒ’ అక్షరం. కొడుకు, కొండ, పొలం, మొగుడు, దొంగ, తొందర, ఒక, ఒళ్ళు. రోజు గడవాలంటే ఈ మాటలు లేకుండా కుదురుతుందా?

ఇప్పుడు బజారులో కుర్రాళ్ళు ఎగబడి కొంటున్న ‘60 శాతం’ పొట్టి కీబోర్డును చూడండి. బల్ల మీద చోటు కలిసొస్తుందని చెప్పి బాణపు మీటలు తీసేశారు, పై వరస తీసేశారు, చాలావాటిలో ఆ ఎడమ మూల మీటనూ మింగేసి అక్కడ ఎస్కేప్ పెట్టారు. ‘65 శాతం’ అనే దాని కొంచెం పెద్ద అన్న కూడా ఎక్కువగా అదే పని చేస్తాడు. అలాంటి కీబోర్డు మీద ‘కొడుకు’ అని రాయాలంటే ఎఫ్ఎన్ మీట పట్టుకుని ఎస్కేప్ నొక్కాలి. ‘ఒక’ అని రాయాలంటే ఎఫ్ఎన్, షిఫ్టు, ఎస్కేప్ మూడూ కలిపి పట్టుకోవాలి. ఇంకా పొట్టిది, ‘40 శాతం’ది కొన్నారో, అంకెల వరసే ఉండదు. ఆ వరసలో ఉన్న వట్రుసుడీ పోతుంది, ‘కృష్ణ’ అని సూటిగా కొట్టలేరు. కాలిఫోర్నియాలోనో షెన్‌జెన్‌లోనో కూర్చుని ‘ఈ మీట ఎవరూ వాడరు’ అని తీసేసినవాణ్ణి నేను తిట్టను. వాడి భాషలో అది నిజంగానే ఎవరూ వాడని మీట. ఆ కోతను అందం అనుకుని డబ్బిచ్చి కొనుక్కునే మనల్ని తిట్టాలి.

మీటలను ఇష్టం వచ్చినట్టు మార్చుకునే క్యూఎంకే, వయా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. మంచివే. కానీ ఇది మొదటి కీబోర్డు కొనేవాడి గురించి. ఆరేడు వేలు పోసి, సొంత భాషలో ఒక గుర్తు పెట్టుకోవడానికి వారం రోజులు వీడియోలు చూడాలా? ఆ తంటా ఎవరికి సరదాయో వాళ్ళు పడనివ్వండి. మిగతావాళ్ళు పూర్తి కీబోర్డు కొనండి. కుడి కొసనుండే అంకెల మీటల గుంపు అక్కర్లేదనుకుంటే టీకేఎల్ కొనండి. చోటు మరీ తక్కువైతే 75 శాతంది చూడండి, కానీ ఎస్కేప్ కింద ఆ మీట విడిగా ఉందో లేదో మీ కళ్ళతో చూశాకే డబ్బు తీయండి.

సరే, రంగుల ప్రశ్న. జర్మన్ కంపెనీ చెర్రీ 1983లో ఎంఎక్స్ స్విచ్చి తెచ్చింది. దాని పేటెంటు గడువు 2014 ప్రాంతంలో తీరిపోయాక గేటెరాన్, కైల్, ఔటెము లాంటి చైనా కంపెనీలు అదే కొలతలతో తయారు చేసి ధర దించాయి. మన బజారుకు ఇవి చవగ్గా వస్తున్నది అందువల్లే. బ్లూ నొక్కితే క్లిక్కుమంటుంది. బ్రౌన్ క్లిక్కుమనదు, దారిలో చిన్న తట్టు తగులుతుంది. రెడ్‌లో ఏ అడ్డూ లేదు, జారిపోతుంది. రెడ్‌కు దాదాపు 45 గ్రాముల బలం కావాలి, బ్రౌన్‌కు 55, బ్లూకు 60. మీట మొత్తం దిగేది నాలుగు మిల్లీమీటర్లు, అక్షరం పడేది సుమారు రెండు మిల్లీమీటర్ల దగ్గర. మెకానికల్ కీబోర్డు అసలు లాభం ఈ చివరి అంకెలో ఉంది. రబ్బరు కీబోర్డులో బుడగ పూర్తిగా నలిగి అడుగు తాకితేనే అక్షరం పడుతుంది. ఇందులో సగం దారిలోనే పడుతుంది. వేలు నేలను గుద్దనక్కర్లేదు. రోజుకు ఇరవై పేజీలు కొట్టేవాడికి ఈ రెండు మిల్లీమీటర్ల తేడా సాయంత్రానికి మణికట్టులో తెలుస్తుంది. దీపాలు తెలియవు.

తెలుగు కొట్టేవాడికి ఇంకో లెక్క ఉంది, ఇంగ్లీషు సలహాదారులు చెప్పలేనిది. ఇన్‌స్క్రిప్ట్‌లో మన చిటికెన వేళ్ళకు చాకిరీ ఎక్కువ. ఎడమ చిటికెన వేలికి ఎత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం, వీటిపైన షిఫ్టు. కుడి చిటికెన వేలికి చ, ట, డ, య. శ, ష, ణ, ళ, వత్తక్షరాలైన ఖ ఘ ఛ ఝలు, మాట మొదట్లో వచ్చే అచ్చులన్నీ షిఫ్టుతోనే. చేతిలో అన్నిటికన్నా బలహీనమైన వేలికి అన్నిటికన్నా బరువు పని. అందుకని 60 గ్రాములు దాటిన స్విచ్చి జోలికి పోవద్దు. స్విచ్చిలను టంకం లేకుండా పీకి మార్చుకునే హాట్‌స్వాప్ కీబోర్డయితే చిటికెన వేళ్ళ కింద తేలికవి, మిగతా వేళ్ళ కింద కొంచెం బిగువువి పెట్టుకోవచ్చు. దీపాలున్నదీ హాట్‌స్వాప్ ఉన్నదీ ఒకే ధరకు వస్తుంటే రెండోది తీసుకోనివాడికి నా దగ్గర సలహా లేదు.

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాత మిషన్ మీద లోయర్, హయ్యర్ పాసైన చేయి మీదైతే రెడ్ మీకు పనికిరాదు. మిషన్ మీద అక్షరాన్ని కొట్టడం నేర్చిన చేయి అది. వేలు ఆనితే చాలు పడిపోయే మీట మీద కోరని అక్షరాలు పడతాయి. బ్రౌన్ చూడండి. బ్లూ క్లిక్కు ఆ చేతికి ఇంకా నచ్చుతుంది, కానీ నలుగురు పడుకునే హాస్టల్ గదిలో రాత్రి పదకొండింటికి దాన్ని టకటకలాడిస్తే రూమ్‌మేట్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. నాంపల్లి రోడ్డు మీద బస్సు హారన్ల మధ్య షాపు నడిపేవాడు బ్లూ కొనుక్కోవచ్చు. అక్కడ అది ఎవరికీ వినపడదు, ఆ క్లిక్కు కోసం అదనంగా డబ్బు పెట్టడం మాత్రం దండగ.

చప్పుడు విని కొనడం ఇంకో పిచ్చి. ఎవడో ఎక్కడో మెత్తటి గుడ్డ పరిచి, ఖరీదైన మైకు పెట్టి, రికార్డు చేసిన ‘థాక్’ శబ్దాన్ని చెవులకు తగిలించుకుని విని, ఇదే కావాలంటారు. ఆ శబ్దం ఆ బల్లది, ఆ గదిది, ఆ మైకుది. మీ రేకుల గదిలో అది ఇంకోలా మోగుతుంది. ఇక 8000 హెర్ట్జ్ అనే మోసం వినండి. సెకనుకు 8000 సార్లు కంప్యూటరుకు కబురు పంపుతుందట. నిమిషానికి 60 ఇంగ్లీషు మాటలు కొట్టేవాడు, మాటకు ఐదు అక్షరాల లెక్కన, సెకనుకు ఐదు మీటలు నొక్కుతాడు. అంటే మీరు ఒక మీటకూ ఇంకో మీటకూ మధ్య ఉన్నంతలో ఆ కీబోర్డు 1600 సార్లు ‘ఏమీ లేదు, ఏమీ లేదు’ అని చెబుతుంది. ఆ ‘ఏమీ లేదు’కు మీరు రెండు వేలు ఎక్కువ ఇస్తారు.

స్విచ్చికి ఐదు కోట్ల నొక్కుళ్ళ ఆయుష్షు అనే ప్రచారం సంగతీ అంతే. ఒక మీటను రోజుకు మూడు వేల సార్లు, ఏడాదికి 300 రోజులు నొక్కితే తొమ్మిది లక్షలు. ఐదు కోట్లకు 55 ఏళ్ళు పడుతుంది. అప్పటికి మీ కీబోర్డు కేబులు ఏ పోర్టుకూ పట్టదు. స్విచ్చి చావడం కాదు మీ సమస్య. ఏబీఎస్ ప్లాస్టిక్ కీక్యాపు మీది అక్షరం ఏడాదిలో చెరిగిపోవడం, మీట జిడ్డుబారి మెరవడం సమస్య. అందుకే పీబీటీ అడగండి.

ఇవన్నీ చేత్తో నొక్కి చూస్తే ఐదు నిమిషాల్లో తేలే విషయాలు. నొక్కనిస్తే కదా! అబిడ్స్‌లో ఒక దుకాణంలో పెట్టె తెరిచి చూపించమంటే ‘సీల్ తీస్తే కొనాల్సిందే’ అన్నాడు. వంద రూపాయల చెప్పులు వేసుకుని నాలుగడుగులు నడిచి చూసి కొనే ఊళ్ళో ఐదు వేల కీబోర్డును బొమ్మ చూసి కొనాలి! నొక్కి చూడనివ్వని దుకాణం మెట్లు దిగేయండి. ప్రదర్శనకు ఒక్క పీస్ తెరిచి పెట్టలేని వ్యాపారికి మీ మణికట్టు మీద గౌరవం లేదు.

కోపం అసలు ఇంకొకరి మీద ఉంది నాకు. ఈ పేటలో పొద్దుటి నుంచి రాత్రి దాకా తెలుగు కొట్టేది ఎవరు? డీటీపీ సెంటర్ ఆపరేటరు, పత్రికాఫీసులో కంపోజింగ్ సెక్షన్, కోర్టు ముందు జాబ్ టైపిస్టు. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు ఏలిన రోజుల్లో యాపిల్ అమరికో మాడ్యులర్ అమరికో గోడకంటించిన కాగితం చూసి నేర్చుకున్న చేతులవి. వాళ్ళ ముందు మూడు నాలుగు వందల రబ్బరు కీబోర్డు పడేస్తారు. అక్షరాలు చెరిగిపోతాయి, స్పేస్ బార్ ఒక కొస నొక్కితే రెండో కొస లేస్తుంది, బుడగ మెత్తబడి రెండుసార్లు కొడితే గానీ పడదు. యజమాని ఏసీ కొంటాడు, గ్లాసు తలుపు పెట్టిస్తాడు, రంగుల ప్రింటరు తెస్తాడు. అక్షరం పుట్టే చోట నాలుగు వందలు. ఏమయ్యా అంటే ‘పాడైతే ఇంకోటి తెస్తాం’ అంటాడు. వేలు పాడైతే ఇంకోటి ఎక్కడ తెస్తావు?

మెకానికల్ అంటే కుర్రకారు ఆటవస్తువనే భ్రమ ఈ మధ్య పుట్టింది. ఐబీఎం 1985లో తెచ్చిన మోడల్ ఎం కీబోర్డు గుమాస్తాల కోసం చేసింది. లోపల స్ప్రింగు వంగి టక్కుమనేది. మన దేశంలో బ్యాంకు కౌంటరు వెనక టకటకమని మోగిన చెన్నై టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళ గోల్డ్ కీబోర్డు మీకు గుర్తుండే ఉంటుంది. దీపాలు లేవు, షోకు లేదు, లోపల చెర్రీ బ్లూ స్విచ్చిలు. పాస్‌బుక్కులు ఎన్ని ఎంట్రీలు చూశాయో అన్నీ దాని మీద పడ్డవే. తర్వాత దానికి రూపాయి గుర్తు మీట కూడా వచ్చింది. మీట నెత్తిన రూపాయికి దొరికిన చోటు ‘ఱ’కు దొరకలేదు చూశారా! ఇవాళ్టికీ మొదటి మెకానికల్ కీబోర్డుగా షోకుల పెట్టెల కంటే అలాంటి ఆఫీసు కీబోర్డే నయమని నా తీర్పు. పూర్తి సైజు, ఎడమ మూల మీట భద్రం, ధర చేతికందేది.

సర్కారు వారి సంగతి ఎత్తకపోతే పాపం. 1966లో అధికార భాషా చట్టం చేసుకున్నాం. తెలుగులో పాలన అని దశాబ్దాలుగా వింటున్నాం. మరి తెలంగాణ జిల్లా కోర్టుల్లో టైపిస్టు కొలువుకు నోటిఫికేషన్ పడితే అడిగే అర్హత ఏమిటి? ఇంగ్లీషు టైపురైటింగ్ హయ్యర్ గ్రేడు, నిమిషానికి 45 మాటలు. తెలుగు పల్లె రైతు తగాదాను ఇంగ్లీషులో టైపు చేయడానికి తెలుగు పిల్ల ఇంగ్లీషు కీబోర్డు మీద వేళ్ళు అరగదీసుకోవాలి. తెలుగు ఫాంట్లకు మంచి రోజులు రాకపోలేదు. సిలికానాంధ్ర ద్వారా మండలి, సురవరం, గిడుగు, రామభద్ర లాంటివి ఉచితంగా అందాయి, సంతోషం. చూసే అక్షరానికి ఇన్ని ముస్తాబులు చేసుకుని, కొట్టే అక్షరాన్ని గాలికొదిలేశాం. ఫోన్లలో భారతీయ భాషలు ఉండి తీరాలని కేంద్రం ఐఎస్ 16333 ప్రమాణంతో షరతు పెట్టింది, కంపెనీలు నోరు మూసుకుని పెట్టాయి. ప్రభుత్వ ఆఫీసులకు వేల సంఖ్యలో కీబోర్డులు కొనేటప్పుడు ‘మీటల మీద తెలుగు అక్షరాలు ఉండవలెను’ అని టెండరులో ఒక్క వాక్యం రాయడానికి ఏ చట్టం అడ్డొచ్చింది?

థాయ్‌లాండ్ జనాభా సుమారు ఏడు కోట్లు. బ్యాంకాక్‌లో దుకాణానికి పోతే థాయ్ అక్షరాలున్న కీబోర్డు అడగనక్కర్లేదు, చేతికిచ్చేదే అది. విదేశీ కంపెనీలు కూడా థాయ్ అచ్చేసి పంపుతాయి. వాళ్ళ లిపికీ మన లిపిలాగే పైన కింద గుర్తులున్నాయి, ఎవరూ కష్టం అనలేదు. కొరియాలో హంగుల్ లేని కీబోర్డును బడిపిల్ల కూడా ముట్టదు. టర్కీ 1955లోనే తమ భాషలో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో లెక్కవేసి ‘ఎఫ్’ అమరిక తయారు చేసుకుంది. 2013లో ప్రభుత్వ కార్యాలయాలన్నీ దానికి మారాలని ఉత్తర్వు ఇచ్చింది. తెలుగు మాతృభాష అని 2011 జనాభా లెక్కల్లో రాయించుకున్నవాళ్ళు 8 కోట్ల 11 లక్షల మంది. థాయ్‌లాండ్ కన్నా పెద్ద బజారు. మన ఒత్వం మాత్రం మూలన.

‘చూడకుండా కొట్టేవాడికి అక్షరాలెందుకు?’ అని గడుసుగా అడిగేవాళ్ళున్నారు. బాగుంది. అయితే ఇంగ్లీషు అక్షరాలూ చెరిపేయండి, అప్పుడు మాట్లాడదాం. చూడకుండా కొట్టేవాడు కూడా మొదట చూసి నేర్చినవాడే. నేర్చుకునే పిల్లకు మీట మీద అక్షరం కనపడాలి. అదేమీ లేకపోబట్టే లేఖిని లాంటి సాధనాల్లో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాబట్టుకుంటున్నాం. దాన్ని నేను తప్పు పట్టను. 1990లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు ఆ దారి వేయకపోతే కంప్యూటర్ల మీద తెలుగు ఇంత తొందరగా వచ్చేది కాదు. కానీ ముప్పై ఏళ్ళయినా తాత్కాలిక దారిలోనే నడుస్తూ, అదే రాజమార్గమని చెప్పుకోవడం సోమరితనం.

కాబట్టి ఇదీ నా మాట. మొదటి మెకానికల్ కీబోర్డు పూర్తి సైజుదో టీకేఎల్‌దో కొనండి. బ్రౌన్ స్విచ్చిలు, పీబీటీ కీక్యాపులు, వీలైతే హాట్‌స్వాప్. దీపాలకు పైసా ఇవ్వకండి. విండోసులో తెలుగు అమరిక ఆన్ చేసి, స్టిక్కర్లతోనైనా సరే అక్షరాలు అంటించి, రోజుకు అరగంట కొట్టండి. స్టిక్కర్లు ఊడతాయి, అవి ఊడేలోపు మీ వేళ్ళకు అక్షరాలు వచ్చేస్తాయి. కొనేముందు ప్రతి దుకాణంలో తెలుగు అక్షరాలున్నది ఉందా అని అడగండి. లేదంటారని తెలిసే అడగండి. రోజుకు పదిమంది అడిగితే హోల్‌సేల్ వాడికి ఫోన్ పోతుంది, హోల్‌సేల్ వాడి నుంచి ఫ్యాక్టరీకి పోతుంది. ఈ దేశంలో ఇంకే ఉత్తర్వుకూ అంత బలం లేదు. ఇక షాపులు, పత్రికాఫీసులు నడిపే పెద్దమనుషులారా, మీ బల్ల మీదికి కొత్త కీబోర్డు తెచ్చుకునే ముందు మీ ఆపరేటర్లను వెంటబెట్టుకుని వెళ్ళి, వాళ్ళ వేళ్ళతో నొక్కించి, వాళ్ళు కోరింది కొనివ్వండి. ఈ నెలలోనే.